ఐఎల్-2 ఇమ్యూనిటీని పెంచే మందా, తగ్గించే మందా?

మీరు అడిగింది చదవగానే రాద్దామనుకున్నా గానీ రెండు ముక్కల్లో తేలే విషయం కాదని ఆదివారం దాకా ఆగాను. నాకు అర్థమైనంతలో మీ ప్రశ్న ఇదీ: పెదనాన్నగారికి కిడ్నీ క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది, వాట్సాప్‌లో ఎవరో ఐఎల్-2 అనే ఇంజెక్షన్ ఇమ్యూనిటీ పెంచి క్యాన్సర్‌ని పూర్తిగా పోగొడుతుందని పంపారు, మీరు దాని గురించి చదువుతుంటే కిడ్నీ మార్పిడి అయిన మీ బావగారు కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా రోజూ వేసుకునే టాక్రోలిమస్ అనే మందు అడ్డుకునేది కూడా ఈ ఐఎల్-2 నే అని తెలిసింది, ఇంకాస్త ముందుకెళ్తే లూపస్ ఉన్నవాళ్ళకి, అంటే ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే తిరగబడ్డవాళ్ళకి, అదే ఐఎల్-2 ని కొంచెం కొంచెంగా ఇస్తున్నారని కనపడింది. ఒకరికి పెంచడానికి, ఒకరికి ఆపడానికి, ఇంకొకరికి అదుపులో పెట్టడానికి, ఇందులో ఏది నిజం అని అడిగారు. మూడూ నిజమే అండీ. మూడూ ఎలా నిజమవుతాయో అర్థమైతే ఆ వాట్సాప్ మెసేజ్‌లో ఎంత ఉందో ఎంత లేదో మీకే తెలిసిపోతుంది.

ముందే చెప్తున్నా, నేను పేషెంట్లని చూసే డాక్టర్‌ని కాదు, ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేసి 18 ఏళ్ళుగా ల్యాబ్‌లో టీ సెల్స్, అంటే ఇమ్యూనిటీని నడిపే ఒక రకం తెల్ల రక్తకణాలు, పెంచుతున్నాను, అంటే దాదాపు రోజూ ఆ సెల్స్‌కి సంకేతంలా పనిచేసే ప్రోటీన్ ఐఎల్-2 ని చేత్తో పట్టుకునే పని. కొనుక్కొచ్చిన పొడిని కరిగించి చిన్న చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టుకుంటాం, రెండు మూడు రోజులకోసారి సెల్స్‌కి కొత్త మీడియా, అంటే అవి పెరిగే పోషక ద్రవం, పోసేటప్పుడు ఐఎల్-2 కలిపి పోస్తాం. ఒకసారి సంక్రాంతి సెలవులకి అందరం ఊళ్ళకి వెళ్ళిపోయాం, సెల్స్‌కి ఫీడింగ్ ఎవరు చెయ్యాలో సరిగ్గా మాట్లాడుకోలేదు, తిరిగొచ్చి మైక్రోస్కోప్ కింద పెడితే గుత్తులు గుత్తులుగా గుండ్రంగా మెరుస్తూ ఉండాల్సిన సెల్స్ అన్నీ నల్లగా ముడుచుకుపోయి చచ్చిపడి ఉన్నాయి. మీడియాలో చక్కెర ఉంది, అమైనో ఆసిడ్లు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి, ఐఎల్-2 ఒక్కటే అయిపోయింది. ఆ ప్లేట్ చూసిన రోజు నాకు ఈ మాలిక్యూల్ మీద భయంతో కూడిన గౌరవం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

దీన్ని కనిపెట్టడం కూడా అలాగే జరిగింది. 1976లో అమెరికాలో నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ గాలో ల్యాబ్‌లో డోరిస్ మోర్గన్, ఫ్రాంక్ రస్సెట్టి అనేవాళ్ళు లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) సెల్స్ పెంచుదామని చూస్తున్నారు. వేరే తెల్ల రక్తకణాలని ఉత్తేజపరిచి అవి పెరిగిన నీళ్ళు తీసుకొచ్చి బోన్ మ్యారో సెల్స్ మీద పోస్తే వాళ్ళు కోరుకున్న లుకేమియా సెల్స్ పెరగలేదు, మామూలు టీ సెల్స్ వారాల తరబడి పెరుగుతూనే ఉన్నాయి. అప్పటిదాకా టీ సెల్స్‌ని ఒంటి బయట అన్నాళ్ళు బతికించడం ఎవరి వల్లా కాలేదు. ఆ నీళ్ళలో ఉన్నదాన్ని టీ సెల్ గ్రోత్ ఫ్యాక్టర్ అన్నారు, 1979లో స్విట్జర్లాండ్‌లో జరిగిన ఒక సమావేశంలో ఇంటర్‌ల్యూకిన్-2 అని పేరు మార్చారు, 1983లో జపాన్‌లో తనిగుచి బృందం దాని జీన్‌ని పట్టుకుంది. 133 అమైనో ఆసిడ్ల చిన్న ప్రోటీన్, అంతే. పేరు టీ సెల్స్‌ని పెంచేది అని పెట్టారు కాబట్టి అందరి బుర్రల్లో ఒకటే ముద్ర పడింది, ఇది ఇమ్యూనిటీకి ఎరువు, ఎంత వేస్తే అంత పంట అని. ఆ ముద్ర చెరగడానికి పదిహేనేళ్ళకి పైనే పట్టింది, మీకొచ్చిన వాట్సాప్ మెసేజ్ ఇంకా అక్కడే ఆగిపోయింది.

ఆ నమ్మకాన్ని దెబ్బకొట్టింది ఎలుకలు. 1991లో జర్మనీలో ఐఎల్-2 జీన్ తీసేసిన ఎలుకల్ని పుట్టించారు, ఎరువు లేదు కాబట్టి వీటికి టీ సెల్స్ ఉండవు, చిన్న ఇన్ఫెక్షన్‌కే పోతాయి అనుకున్నారు. తీరా చూస్తే టీ సెల్స్ బాగానే వచ్చాయి. 1993లో వచ్చిన రిపోర్ట్ ఇంకా ఆశ్చర్యం, వాటిలో దాదాపు సగం 4 నుంచి 9 వారాల్లోపు చచ్చిపోయాయి, మిగిలినవాటికి పేగుల్లో అల్సరేటివ్ కొలైటిస్ లాంటి జబ్బు వచ్చింది, అంటే ఇమ్యూనిటీ లేక కాదు, ఇమ్యూనిటీ అదుపు తప్పి. ఐఎల్-2 లేకపోతే ఇమ్యూన్ సిస్టమ్ చల్లబడాలి గానీ ఇలా మండిపోవడమేంటి అని అందరూ తల పట్టుకున్నారు.

దానికి జవాబు 1995లో జపాన్‌లో షిమోన్ సకగుచి ఇచ్చారు. మన టీ సెల్స్‌లో సీడీ4 అనే రకంలో నూటికి 5 నుంచి 10 దాకా వేరే రకం ఉంటాయి, వాటి పని దాడి చెయ్యడం కాదు, దాడి చేసేవాటిని ఆపడం. ఇప్పుడు వాటిని రెగ్యులేటరీ టీ సెల్స్, పొట్టిగా టీ రెగ్స్ అంటాం. 2025లో సకగుచికి, ఈ సెల్స్‌ని నడిపే ఫాక్స్‌పీ3 జీన్ సంగతి తేల్చిన మేరీ బ్రంకోకి, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కి కలిపి మెడిసిన్ నోబెల్ వచ్చింది దీనికే. సకగుచి ఆ సెల్స్‌ని ఏ గుర్తు చూసి పట్టుకున్నారో అదే మన కథకి కీలకం, సీడీ25. అది ఐఎల్-2 రిసెప్టర్‌లో ఒక భాగం.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి, అసలు సంగతంతా ఇక్కడే ఉంది. రిసెప్టర్ అంటే సెల్‌కి చెవి అనుకోండి. ఐఎల్-2 వినే చెవిలో మూడు ముక్కలు ఉంటాయి, ఆల్ఫా, బీటా, గామా. ఆల్ఫా అంటే ఇందాక చెప్పిన సీడీ25. మామూలుగా ఊరికే తిరుగుతున్న దాడి సెల్స్‌కి, అంటే సీడీ8 టీ సెల్స్‌కి, ఎన్‌కే సెల్స్‌కి ఎక్కువగా బీటా, గామా రెండే ఉంటాయి, గట్టిగా అరిస్తే గానీ వాటికి వినపడదు. మూడో ముక్క కూడా కలిస్తే ఐఎల్-2 దాదాపు 100 రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. టీ రెగ్స్ పుట్టినప్పటి నుంచీ మూడూ పెట్టుకునే తిరుగుతాయి, మన పెద్దవాళ్ళు అంటారు చూడండి వాడివి పాము చెవులురా అని, సరిగ్గా అవన్నమాట, ఎక్కడో గుసగుసలాడినా వాటికి వినపడుతుంది. ఇంకో విచిత్రం ఏంటంటే టీ రెగ్స్ సొంతంగా ఐఎల్-2 తయారు చేసుకోలేవు, వాటి ఫాక్స్‌పీ3 ఆ జీన్‌ని మూసేసి ఉంచుతుంది, వేరే టీ సెల్స్ చేసినదే తాగి బతకాలి.

ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. ఒంట్లోకి వైరస్ వచ్చింది, దాన్ని గుర్తుపట్టిన టీ సెల్ ఐఎల్-2 వదులుతుంది, తను కూడా కొద్ది గంటల్లో సీడీ25 తెచ్చుకుని అదే ఐఎల్-2 తో విపరీతంగా పెరుగుతుంది, పక్కనున్న టీ రెగ్స్ కూడా అదే తాగి బలపడి మిగిలినది ఎక్కువ దూరం పోకుండా పీల్చేస్తాయి. కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, మొదట్లో ఉన్న పొలాలు తడిశాక గానీ చివరి ఆయకట్టుకి నీళ్ళు రావు, నీళ్ళు తక్కువ వదిలితే అసలు రావు. టీ రెగ్స్ ఆ మొదటి పొలాలు. కాబట్టి తక్కువ ఐఎల్-2 ఉంటే లాభపడేది ఆపే సెల్స్, చాలా ఎక్కువ ఉంటే అప్పుడు దాడి చేసే సెల్స్‌కి కూడా అందుతుంది. ఇంతే కాదు, బాగా పెరిగిపోయిన దాడి సెల్స్ పని అయ్యాక చచ్చిపోవడానికి వాటిని సిద్ధం చేసేది కూడా ఐఎల్-2 నే. గ్యాసూ బ్రేకూ ఒకే కాలి కింద పెట్టినట్టుంది ఈ ఏర్పాటు, తొక్కే బరువుని బట్టి ఏది పడుతుందో మారుతుంది. ఆ ఎలుకలు ఎందుకు పోయాయో ఇప్పుడు అర్థమైంది కదా, ఐఎల్-2 లేక ముందు ఎండిపోయినవి టీ రెగ్స్.

బావగారి టాక్రోలిమస్ సంగతి. టీ సెల్ ఎదుటి మనిషి కిడ్నీని చూసి పరాయిది అని గుర్తుపట్టగానే లోపల క్యాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ పనిలోకి దిగి ఐఎల్-2 జీన్‌ని తెరిపిస్తుంది, టాక్రోలిమస్, అంతకు ముందు సైక్లోస్పోరిన్, ఆ ఎంజైమ్‌ని కట్టేస్తాయి. ఆపరేషన్ రోజు, మళ్ళీ నాలుగో రోజు బావగారికి 20 మిల్లీగ్రాముల బసిలిక్సిమాబ్ ఇంజెక్షన్ ఇచ్చి ఉండొచ్చు, డిశ్చార్జ్ సమ్మరీలో చూడండి, అది నేరుగా సీడీ25 మీద కూర్చుని చెవి మూసే యాంటీబాడీ. మరి టీ రెగ్స్ కూడా దెబ్బతింటాయి కదా అంటే అవును, కొంత తింటాయి, అందుకే ఈ మందులతో రిజెక్షన్ ఆగుతుంది గానీ ఒళ్ళు కొత్త కిడ్నీని తనదిగా ఒప్పుకోవడం అనేది అంత తేలిగ్గా రాదు, జీవితాంతం మాత్రలు వేసుకోవాల్సి వస్తుంది.

ఇక క్యాన్సర్. స్టీవెన్ రోజెన్‌బర్గ్ అనే సర్జన్, అదే నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఐఎల్-2 ని ఎంతమందికి ఇచ్చినా చాలాకాలం ఏమీ జరగలేదు, పేషెంట్లు వరసగా పోతూనే ఉన్నారు. 1984 చివర్లో నేవీలో పనిచేసే ఒకావిడ, ఒళ్ళంతా మెలనోమా అనే చర్మ క్యాన్సర్ పాకింది, ఆవిడకి డోసు బాగా పెంచి ఇచ్చారు, గడ్డలు కరిగిపోయాయి, మళ్ళీ రాలేదు. దాని తర్వాత 1985లో 25 మంది మీద వచ్చిన రిపోర్ట్‌లో 11 మందికి గడ్డలు తగ్గాయి. వైరస్ కాదు, కీమో కాదు, మనిషి సొంత రక్తకణాలకి సంకేతం ఇస్తే ఒంటినిండా పాకిన క్యాన్సర్ పోవచ్చు అని మొదటిసారి రుజువైంది అక్కడే. ఇవాళ ఇమ్యునోథెరపీ అని మనం వింటున్న దానికంతటికీ పునాదిరాయి అది, ఈ మాట చెప్పడానికి నేను ఎప్పుడూ వెనకాడను.

కానీ లెక్కలు కూడా చూడాలి. 1992లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని పాకిన కిడ్నీ క్యాన్సర్‌కి ఒప్పుకుంది, ఆల్డెస్‌ల్యూకిన్ అని మందు పేరు, ప్రోల్యూకిన్ బ్రాండు. ఆ ఒప్పుకోలుకి ఆధారమైన 255 మందిలో 37 మందికి పనిచేసింది, అందులో 17 మందికి క్యాన్సర్ కనపడకుండా పోయింది, అంటే నూటికి 7 మంది. మందు వల్లే చనిపోయినవాళ్ళు 11 మంది. 1998లో మెలనోమాకి ఒప్పుకున్నప్పుడు కూడా 270 మందిలో పూర్తిగా పోయింది 17 మందికే. ఆ కొద్దిమందిలో చాలామందికి ఏళ్ళ తరబడి తిరిగి రాలేదు, అందుకే డాక్టర్లు దాన్ని వదల్లేకపోయారు. మీకొచ్చిన మెసేజ్‌లో ఉన్నది ఈ 17 మంది కథ. మిగతా 238 మంది కథ అందులో లేదు.

ఆ డోసు ఎంతో ఊహించుకోండి, కిలో బరువుకి 6 లక్షల యూనిట్లు, 60 కిలోల మనిషికి ఒక్కసారికి 3 కోట్ల 60 లక్షల యూనిట్లు, అది 8 గంటలకోసారి, తట్టుకుంటే 14 డోసుల దాకా, తర్వాత 9 రోజులు ఆగి మళ్ళీ. రక్తంలో నిలవదు కాబట్టి అంత ఇవ్వాల్సి వస్తుంది, గంటన్నర లోపే సగం పోతుంది. లూపస్‌కి చైనాలో పెకింగ్ యూనివర్సిటీ వాళ్ళు ట్రయల్స్‌లో ఇచ్చింది రోజు విడిచి రోజు 10 లక్షల యూనిట్లు. పక్కపక్కన పెట్టి చూడండి, ఒకళ్ళకి రోజుకి 10 కోట్ల పైన, ఇంకొకళ్ళకి రెండు రోజులకి 10 లక్షలు. పేరు ఒకటే, ఒంట్లో వినేది వేరువేరు సెల్స్. 2011లో హెపటైటిస్ సి వల్ల రక్తనాళాల వాపు వచ్చినవాళ్ళకి, బోన్ మ్యారో మార్పిడి తర్వాత దాత సెల్స్ ఒంటి మీద పడ్డవాళ్ళకి ఇలాగే తక్కువ డోసు ఇస్తే టీ రెగ్స్ పెరిగి చాలామందికి మేలు జరిగిందని రెండు రిపోర్టులు ఒకేసారి వచ్చాయి, దాని తర్వాతే ఈ చిన్న డోసు దారి తెరుచుకుంది.

పెద్ద డోసుతో జరిగేది చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. కేపిలరీ లీక్ అంటారు, సన్న రక్తనాళాల గోడలు వదులైపోయి రక్తంలోని నీరు బయటికి ఊరిపోతుంది, బీపీ పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మూత్రం తగ్గిపోతుంది, కొద్ది రోజుల్లోనే ఒళ్ళు ఉబ్బి బరువు కిలోలకి కిలోలు పెరుగుతుంది, కొందరు అయోమయంలో ఇంట్లోవాళ్ళని గుర్తుపట్టరు, చలి జ్వరం ఒళ్ళంతా దురద ఇవి చిన్నవాటికింద లెక్క. ఐసీయూ స్థాయి పర్యవేక్షణ, దీనిలో చెయ్యి తిరిగిన టీమ్ ఉంటేనే ఇవ్వాలి, గుండె, ఊపిరితిత్తులు గట్టిగా ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. పెదనాన్నగారికి 68 అన్నారు, షుగర్ ఉంది, ఊపిరితిత్తుల్లోనే గడ్డలున్నాయి అన్నారు. ఇంట్లో కూర్చుని తీసుకునే ఇంజెక్షన్ లాగా ఎవరైనా దీన్ని అమ్మజూపితే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి, ఈ మాట బతిమాలి చెప్తున్నాను.

సంఖ్య పెంచితే చాలు అనే ఆలోచన ఎంత మోసం చేస్తుందో హెచ్‌ఐవీలో కూడా తేలింది. యాంటీవైరల్ మందులకి తోడు ఐఎల్-2 ఇస్తే సీడీ4 కౌంట్ నిజంగానే పెరిగింది, రెండు పెద్ద ట్రయల్స్‌లో, ఒకదాంట్లో 4,000 మందికి పైగా, ఇంకోదాంట్లో దాదాపు 1,700 మంది, ఏళ్ళ తరబడి చూశారు. 2009లో ఫలితం వచ్చింది, కౌంట్ పెరిగినా జబ్బులూ తగ్గలేదు, చావులూ తగ్గలేదు. ల్యాబ్ రిపోర్టులో అంకె చూసి సంతోషపడే ముందు నాకు ఈ ట్రయల్స్ గుర్తొస్తాయి.

టీ రెగ్స్ సంగతి తెలిశాక కంపెనీలన్నీ ఒకటే దారి పట్టాయి, ఆల్ఫా ముక్కకి అతుక్కోకుండా ఐఎల్-2 ని మార్చేద్దాం, అప్పుడు టీ రెగ్స్‌కి వినపడదు, దాడి సెల్స్‌కే వినపడుతుంది అని. కాగితం మీద చాలా అందంగా ఉంది, నేనూ నమ్మాను. అందులో అన్నిటికంటే పేరొచ్చింది నెక్టార్ కంపెనీ బెంపెగాల్డెస్‌ల్యూకిన్, 2018లో బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ 185 కోట్ల డాలర్లు పెట్టి చెయ్యి కలిపింది. 2022లో మెలనోమా మూడో దశ ట్రయల్ ఫలితం వచ్చింది, నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఒక్కటే ఇచ్చినవాళ్ళలో నూటికి 36 మందికి గడ్డలు తగ్గితే, దీన్ని కలిపి ఇచ్చినవాళ్ళలో 28 మందికే తగ్గాయి. కలపడం వల్ల లాభం లేకపోగా అంకె కిందకే వచ్చింది, మొత్తం ప్రోగ్రామ్ ఆపేశారు.

ఎందుకలా అయింది అనేదానికి నాకు నచ్చిన వివరణ మన ఊరివాడి ల్యాబ్ నుంచే వచ్చింది. రఫీ అహ్మద్, హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో బీఎస్సీ చదివారు, ఇప్పుడు అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీలో ఉన్నారు. దీర్ఘకాలం వైరస్‌తో పోరాడి అలసిపోయిన టీ సెల్స్ మీద పీడీ-1 అనే బ్రేక్ ఉంటుందని, దాన్ని తీస్తే అవి మళ్ళీ లేస్తాయని 2006లో ఎలుకల్లో చూపించింది ఆయన ల్యాబే, ఇవాళ్టి పీడీ-1 మందుల వెనక అది పెద్ద ఆధారం. 2022లో అదే ల్యాబ్ పీడీ-1 మందుకి ఐఎల్-2 కలిపితే అలసిన సెల్స్ ఊరికే లేవడం కాదు, వాటి స్వభావమే మారి మంచి పోరాట సెల్స్‌గా తయారవుతాయని చూపించింది, అయితే ఆ మార్పుకి సీడీ25 కావాలి. అంటే కంపెనీలు టీ రెగ్స్‌కి భయపడి కోసేసిన ఆ ఆల్ఫా ముక్కే పనికొచ్చే సెల్స్‌కి కూడా అవసరం. ఎలుకల్లో చూసినదే, మనుషుల్లో అచ్చం ఇలాగే అని నేననను, కానీ ఇప్పుడు చాలామంది ఐఎల్-2 ని టీ రెగ్స్‌కి వినపడకుండా మార్చడం మానేసి, పీడీ-1 ఉన్న సెల్ దగ్గరికే దాన్ని మోసుకెళ్ళి దింపే యాంటీబాడీల మీద పనిచేస్తున్నారు. సరైన చెవిలో చెప్పడం ముఖ్యం, నా ఓటు దీనికే.

ఐఎల్-2 ఇంకోచోట ఇప్పటికీ తప్పనిసరి. గడ్డలోంచి టీ సెల్స్ తీసి బయట ఐఎల్-2 తో కోట్లలో పెంచి తిరిగి ఎక్కించే పద్ధతి ఒకటుంది, రోజెన్‌బర్గ్ మొదలుపెట్టిందే, 2024 ఫిబ్రవరిలో లిఫిల్యూసెల్ పేరుతో మెలనోమాకి అనుమతి వచ్చింది, 73 మందిలో నూటికి 31 మందికి పనిచేసింది, సెల్స్ ఎక్కించాక 6 డోసుల దాకా ఐఎల్-2 కూడా ఇస్తారు. అలాగే దీని తమ్ముడి లాంటి ఐఎల్-15 ఆధారంగా చేసిన మందుకి అదే ఏడాది ఏప్రిల్‌లో బ్లాడర్ క్యాన్సర్‌లో అనుమతి వచ్చింది, బీసీజీతో కలిపి నేరుగా మూత్రాశయంలోకే పోస్తారు, ఒళ్ళంతా వరద పెట్టకుండా కావల్సిన మడికే నీళ్ళు పెట్టినట్టు.

పెదనాన్నగారి విషయానికి వస్తే, ఆంకాలజిస్ట్ ఐఎల్-2 పేరు ఎత్తలేదని కోపగించుకోకండి. పాకిన కిడ్నీ క్యాన్సర్‌కి ఇప్పుడు మొదట ఆలోచించేది నివోలుమాబ్, ఇపిలిముమాబ్ కలిపి, లేదా పెంబ్రోలిజుమాబ్‌కి ఆక్సిటినిబ్ లాంటి మాత్ర కలిపి, 2018, 2019 నుంచి వాడుకలో ఉన్నాయి, ఐఎల్-2 కంటే ఎక్కువమందికి పనిచేస్తాయి, తట్టుకోవడం కూడా తేలిక. ఖరీదు ఎక్కువే, దాని గురించి మొహమాటపడకుండా హాస్పిటల్లో సోషల్ వర్కర్‌ని, కంపెనీల పేషెంట్ సపోర్ట్ స్కీముల్ని అడగండి. అపాయింట్‌మెంట్‌కి వెళ్ళేముందు బయాప్సీ రిపోర్ట్ తీసి క్లియర్ సెల్ అని రాసి ఉందో లేదో చూసుకోండి, ఈ మందుల లెక్కలన్నీ ఎక్కువగా ఆ రకం మీదే వచ్చాయి, వేరే రకమైతే డాక్టర్ దారి మార్చాల్సి రావచ్చు. హిమోగ్లోబిన్, కాల్షియం, ప్లేట్‌లెట్స్ ఉన్న తాజా రక్తపరీక్ష కూడా పట్టుకెళ్ళండి, రిస్క్ ఏ గ్రూప్‌లో పడుతుందో లెక్కెయ్యడానికి అవి కావాలి.

బావగారికి మాత్రం ఇంట్లో ఎవరూ ఇమ్యూనిటీ పెంచే పొడులు, తిప్పతీగ కషాయాలు ఇవ్వకుండా చూడండి. తిప్పతీగతో లివర్ వాచిన కేసులు మన దేశం నుంచే రిపోర్ట్ అయ్యాయి, పైగా ఆయన డాక్టర్లు రక్తంలో టాక్రోలిమస్ లెవెల్ కొలిచి మరీ ఆపుతున్న సంకేతాన్ని ఇంట్లోవాళ్ళు ప్రేమతో తిరిగి లేపే ప్రయత్నం చెయ్యకూడదు. ఇప్పటికే ఇస్తుంటే ఈ రోజే ఆపి నెఫ్రాలజిస్ట్‌కి ఎన్నాళ్ళ నుంచి ఎంత ఇచ్చారో ఉన్నదున్నట్టు చెప్పండి, క్రియాటినిన్, లివర్ టెస్టులు ఒకసారి చేయిస్తారు.